రెండు బూట్లూ పొడిగానే ఉన్నాయి

"బూట్లేసుకున్నావా మావా?"

"కాళ్లకేటున్నాయో కళ్లెట్టి సూడవే."

మా ఆయనకీ నాకూ మధ్య ఆఖరి మాటలు ఇవే. నేను పొయ్యి దగ్గర నుంచి అడిగాను. ఆయన గుమ్మంలో నిలబడి చెప్పాడు. చూశాను. మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు, కాళ్లకే ఉన్నాయి. అంతే, వెళ్లిపోయాడు. మా పేటలో చేపల వేటకి వెళ్లే మగవాణ్ణి వెనక నుంచి పిలవరు, ఎప్పుడొస్తావని అడగరు. అందుకే ఆయన ఎదురుగా ఉండగానే ఏదో ఒకటి అడిగేదాన్ని. రోజూ బూట్ల మాటే అడిగేదాన్ని.

రాసుకో గుంటా. ఉన్నది ఉన్నట్టు రాయి. నేను ముతకగా అన్న మాట నువ్వు మెత్తగా మారిస్తే నాకు తెలిసిపోతుంది. అక్షరాలు రాకపోతేనేం, చెవులున్నాయి. నేను పొడుగ్గా చెప్పినప్పుడు ఆ కంప్యూటరు మీద నీ వేళ్ల చప్పుడు పొట్టిగా ఉంటే ఆపి అడుగుతాను.

ఈ పిల్ల మా తమ్ముడి కూతురు. గ్లాస్గోలో మాస్టర్స్ చదువుతోంది. సెలవు దొరికితే రైలెక్కి, బస్సెక్కి, నా దగ్గరికి వస్తుంది. వచ్చిన ప్రతిసారీ "చెప్పత్తా, రాస్తాను" అంటుంది. దీనికేం లాభమో అని మొదట్లో అనుమానపడ్డాను. నా అనుమానం సంగతి దానికి తెలుసు. నవ్వుకుంటుంది. నవ్వుకో. చేపలమ్మి బతికినదాన్ని నేను. మొప్ప ఎత్తి చూడకుండా దేన్నీ నమ్మను.

ఈ ఊరు స్కాట్లండ్‌లో ఒక చివర. రేవు, దాని వెనక ఒక వరస ఇళ్లు, ఒక కొట్టు, ఒక చర్చి. రోడ్డు ఒక్క బండికే సరిపోతుంది. ఎదురుగా ఇంకో బండి వస్తే ఎవరో ఒకరు వెనక్కి వెళ్లాలి. డాక్టరు కావాలంటే కొండ దాటి వెళ్లాలి. ఆదివారం పడవ కదలదు, తాడు మీద బట్ట ఆరేయరు. నాకది తెలియక మొదటి ఆదివారమే ఆయన లుంగీలు ఆరేశాను. మర్నాడు కొట్లో ఎవరూ ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం ఈ ఊళ్లో పెద్ద తిట్టు.

మా ఆయన విశాఖ అవతల మా పేటలో తెప్ప మీద పెరిగినవాడు. తరవాత ఓడల్లో వంటవాడుగా తిరిగాడు. గ్లాస్గోలో దిగి, కాగితాలు దొరికాక నన్ను తెచ్చుకున్నాడు. సిటీలో ఆయనకి ఊపిరాడలేదు. సముద్రం కనబడే పని ఎక్కడుందో వెతుక్కుంటూ వెతుక్కుంటూ ఇక్కడ తేలాడు. ఒక పడవలో చేరాడు. పడవ సొంతదారు, ఈయన, ఇద్దరే మనుషులు. నేను ముసలాళ్లని చూసుకునే కేర్ హోమ్‌లో దుప్పట్లు ఉతికే పనిలో చేరాను. ఊరంతటికీ మేమిద్దరమే నల్లవాళ్లం. పిల్లలు లేరు మాకు.

ఇక్కడ వల వేయరు. క్రీల్ అంటారు, వల అల్లిన బుట్ట. పీతలకీ రొయ్యలకీ లోపల ఎర కడతారు. పొడుగాటి తాడుకి ఒకదాని వెనక ఒకటిగా బుట్టలు కట్టి, పడవ నడుస్తుండగా నీళ్లలోకి వదులుతారు. తాడు డెక్కు మీద నుంచి పాములా జారిపోతుంటుంది. ఆ చుట్టలో కాలు పడితే మనిషిని కూడా లాక్కుపోతుంది. అందుకే అందరూ కాలికంటే పెద్ద బూట్లు వేసుకుంటారు. తాడు పట్టినా బూటు ఊడిపోతుంది, కాలు మిగులుతుంది. ఇదంతా ఆయనే చెప్పాడు నాకు. చెప్పినవాడే పోయాడు.

లండన్‌లో ఒలింపిక్ ఆటల పోటీలు జరిగిన ఏడు అది. వేసవి. గాలి లేదు, నీళ్లు పళ్లెంలో పోసినట్టున్నాయి. మధ్యాహ్నానికి పడవాయన నా గుమ్మంలోకి వచ్చాడు. టోపీ చేతిలో ఉంది. ఆ మనిషి టోపీ తియ్యడం నేనెప్పుడూ చూడలేదు. అతను నోరు తెరవకముందే నాకు తెలిసింది.

తాడు బూటుని పట్టేసిందని చెప్పాడు. పడవ ఆపి, యంత్రంతో తాడు వెనక్కి లాగేసరికి ప్రాణం లేదన్నాడు. అధికారులొచ్చారు, అడిగారు, రాసుకున్నారు. ప్రమాదం అన్నారు. నేను కూడా అదే అనుకుని ఏడ్చాను.

తరవాత పడవలో మిగిలిన ఆయన సామాను సంచిలో పెట్టి పంపారు. అన్నం గిన్నె, స్వెట్టరు, బూట్లు. బూట్లు రెండూ ఉన్నాయి. తడి తగల్లేదు. చెయ్యి లోపలికి పెట్టి చూశాను. మేజోళ్లు మడిచి, ఒక్కో బూటులో ఒక్కోటి కుక్కి ఉన్నాయి. అలా మడిచేది ఆయనే. ఇంట్లో కూడా అంతే.

అక్కడ ఆగిపోయింది నా ఏడుపు.

తాడు బూటుని పట్టిందన్నాడు కదా. ఏ బూటుని పట్టింది? పట్టిన బూటు సముద్రంలో ఉండాలి, లేదంటే తడిసి ఉండాలి. ఇవి పొడిగా ఉన్నాయి. బూట్లు విప్పి మేజోళ్లు మడిచాడంటే పని చెయ్యడం లేదు, కూర్చుని ఉన్నాడు. కూర్చున్నవాడు సముద్రంలోకి ఎలా పోయాడు? ఒంట్లో బాగులేదంటే పడవ తిప్పలేదా? మాటా మాటా వచ్చిందా? పడవాయన సాయంత్రాలు తాగుతాడని ఊరందరికీ తెలుసు. పగలు కూడా తాగాడా?

ఆ అధికారులకి చెప్పమని ఈ పిల్ల అంది. అప్పటికి ఇండియాలో ఉంది, ఫోన్లో అంది. ఏమని చెప్పను? ఇంగ్లీషు వింటే అర్థమవుతుంది, మాట్లాడాలంటే దుప్పట్లు లెక్కపెట్టడానికే సరిపోతుంది. బూట్లు అటక మీద పెట్టాను. ఆయన బూడిద సముద్రంలో కలపడానికి పడవాయన తన పడవ తెస్తానన్నాడు. వద్దన్నాను. వేరే వాళ్ల పడవలో వెళ్లి కలిపాను. ఊరంతా రేవులో నిలబడి చూసింది, నేను ఏ పడవ ఎక్కానో.

మరుసటి వారం తలుపు పిడికి ఒక సంచి వేలాడుతోంది. లోపల కానాగంత చేపలు, గాలానికి అప్పుడే పట్టినవి. ఎవరు పెట్టారో చూడలేదు, పడవాయనే అనుకున్నాను. తలుపు కొట్టలేదు, పిలవలేదు.

అప్పుడే మా బావగారు ఫోన్ చేశారు. మా ఆయనకి అన్న, పేటలోనే ఉంటారు. సంచి మాట చెప్పాను.

"సేప గుమ్మం దాటిందేటి?" అన్నారు.

"లేదు బావగారూ. పిడికే ఉంది."

"దాటనీకు. సేప లోపలికొస్తే తగువు బైటికి పోద్ది."

మా పేటలో పద్ధతి అది. ఒకరి పడవ మీద ఇంకొకరు పోతే, తప్పు తనదైతే, పడవ సొంతదారు చచ్చినవాడి ఇంటికి చేప పంపుతాడు. కులపెద్దలు కూర్చుని మాట తేల్చేదాకా ఆ చేప గుమ్మం బయటే ఉండాలి. కుక్కలు తిన్నా సరే, ఇంట్లోవాళ్లు ముట్టరు. ముట్టారంటే ఇంక అడిగేదేమీ లేదని అర్థం. ఆ తరవాత నోరెత్తే హక్కు లేదు.

"ఇక్కడ పెద్దలెవరూ లేరు బావగారూ," అన్నాను.

"లేకపోతే నువ్వే పెద్దవి," అని పెట్టేశారు.

తప్పు చేయనివాడు చేపలెందుకు పంపుతాడు? ఆ సంచి తీసుకెళ్లి పడవాయన ఇంటి గేటుకి తగిలించి వచ్చాను. మళ్లీ వారం మళ్లీ సంచి. మళ్లీ తగిలించాను. ఒకసారి పీతలు, ఒకసారి రొయ్యలు. రొయ్యలు ఇంకా కదులుతున్నాయి. నోరూరలేదని చెప్పను, రాసుకో. అయినా వెళ్లి తగిలించాను. దారి పొడుగునా కిటికీల్లో కర్టెన్లు కదిలేవి.

ఊళ్లో మాటలు తగ్గాయి. నేను కొట్లో అడుగు పెడితే మాట్లాడుకునేవాళ్లు ఆగిపోయేవారు. పడవాయన భార్య నన్ను చూస్తే రోడ్డుకి అటువైపు మారేది. తప్పు చేసినవాళ్లు మొహం చాటేస్తారనుకున్నాను. కేర్ హోమ్ మేనేజరు నా షిఫ్టు మార్చినా పడవాయన మనిషేననుకున్నాను. ఈ ఊళ్లో ఎవరిని కదిపినా ఒకరికొకరు చుట్టాలే మరి.

పక్కింట్లో ఒక ముసలామె ఉండేది. మొగుడు సముద్రంలో పోయి చాలా కాలమైంది. అప్పుడప్పుడు స్కోన్లని చిన్న రొట్టెలు తెచ్చేది, గుమ్మంలో నిలబడి అటూ ఇటూ చూసి వెళ్లేది. ఏం చూస్తుందో, ఎవరికి చెబుతుందో అనుకునేదాన్ని. ఆమె వెళ్లాక ఆ స్కోన్లు పక్షులకి వేసేదాన్ని. ఒకరోజు ఆమె నిలబడలేదు. నేరుగా వంటింట్లోకి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆ చేపలు చెడ్డవా, నువ్వు చెడ్డదానివా?" అంది.

"ఎవరు పంపారో నాకు తెలుసు. ఎందుకు పంపారో కూడా తెలుసు," అన్నాను.

"నీకేం తెలుసు? నా మొగుడు పోయినప్పుడు, మీ ఆయన ఎక్కిన ఆ పడవ ఇప్పుడున్నతని తండ్రిది. అప్పటి నుంచి నా గుమ్మానికీ వస్తోంది సంచి. నా మొగుడు అసలు ఆ పడవలో పోలేదు. వేరే పడవలో పోయాడు. ఆ పడవే మునిగిపోయింది, చేప పంపడానికి మనిషి మిగల్లేదు. అందుకని ఈ పడవ వాళ్లు పంపుతున్నారు."

"మరి ఊరికే పంపుతారా?"

"ఊరికేనే. థాంక్యూ కూడా చెప్పకూడదు. చెబితే వాళ్లకి సిగ్గు. తలుపు తీసి, సంచి తీసుకుని, తలుపు వేసుకోవడమే."

ఆమె నా వంక చూసి తల అడ్డంగా ఊపింది.

"నువ్వు చేప తిప్పి పంపితే వాళ్లేమనుకుంటున్నారో తెలుసా? పడవకి శాపం పెట్టావనుకుంటున్నారు. ఈ ఏడు వాళ్ల బుట్టలు ఖాళీగా వస్తున్నాయి. నల్లామె ఏదో చేసిందంటున్నారు."

ఆ మాటకి నాకు నవ్వొచ్చింది. ఆయన పోయాక అదే మొదటిసారి నవ్వడం. నేను వాళ్ల గుమ్మాల్లో వాసన పట్టుకుంటూ తిరుగుతుంటే, వాళ్లు నా వాసన పట్టుకుంటున్నారన్నమాట. ఆమె కూడా నవ్వింది. ఆ రోజు స్కోన్ పక్షులకి వేయలేదు, ఆమె ఎదురుగానే తిన్నాను.

కానీ నవ్వినంత మాత్రాన బూట్లు తడవవు కదా. చేపల సంగతి తేలింది. బూట్ల సంగతి తేలలేదు. అటక మీద నుంచి దించాను. చేత్తో పట్టుకుని, పట్టపగలు, అందరూ చూస్తుండగా రేవులోకి నడిచాను. పడవాయన ఒడ్డున కూర్చుని చిరిగిన క్రీల్ అల్లుకుంటున్నాడు. బూట్లు అతని ముందు పెట్టాను. మేజోళ్లు తీసి వాటి పక్కన పెట్టాను. ఉన్న ఇంగ్లీషంతా కూడగట్టుకుని అడిగాను. బూట్లు రెండు. రెండూ పొడి. తాడు ఏ బూటు పట్టింది?

అతను ఆ మేజోళ్లని చూశాడు. చేతిలో సూది పక్కన పెట్టాడు.

"ఆయనకి బూట్లు పడవు," అన్నాడు. "చలికాలం వేసుకునేవాడు. ఎండ కాసిన రోజున రేవు దాటి, కొండ మలుపు తిరగ్గానే విప్పేసేవాడు. ఉత్తకాళ్లతో తాడు దగ్గర నిలబడేవాడు. వద్దని అరిచేవాణ్ణి. నా కాలికి చూపుంది అనేవాడు. సాయంత్రం మళ్లీ ఆ మలుపు దగ్గరే వేసుకునేవాడు."

"ఎందుకు అక్కడ?"

"నీ కిటికీ నుంచి అక్కడి దాకే కనబడుతుందట. నువ్వు రోజూ అడుగుతావటగా."

వంగి ఆ మేజోళ్లు చేతిలోకి తీసుకున్నాను. కానీ నేను చేపలమ్మినదాన్ని. కొనేవాడు కన్నీళ్లు పెట్టుకున్నా బేరం పూర్తయ్యేదాకా బుట్ట మూత వెయ్యను.

"మరి బూటు పట్టిందని ఎందుకు చెప్పావు?"

"బూట్లు లేవంటే తప్పు ఆయనదేనని రాసేవాళ్లు. పోయిన మనిషి మీద అలా రాయించడం నాకు ఇష్టం లేకపోయింది."

తియ్యటి మాట. తియ్యటి మాట వచ్చినప్పుడు దాని వెనక ఇంకోటి ఉంటుంది. నిలబడే ఉన్నాను.

"అంతేనా?" అన్నాను.

అతను తల వంచుకున్నాడు. "కాదు. పడవ నాది. ఉత్తకాళ్లతో నిలబడనిచ్చింది నేను. అది కూడా రాసేవాళ్లు."

ఆ రెండో మాట అనకపోతే నేనతన్ని ఈనాటికీ నమ్మేదాన్ని కాదు. అన్నాడు కాబట్టి సగం నమ్మాను. మిగతా సగం కోసం ఇంటికి వచ్చి బావగారికి ఫోన్ చేశాను. పడవాయన చెప్పిందేమీ చెప్పలేదు. ముందు చెబితే దానికి తగ్గట్టు మాట్లాడతారు మనుషులు. ఆడవాళ్లం తెప్ప ఎక్కం, ఒడ్డున బుట్టతో నిలబడతాం. నీళ్ల మీద ఆయన ఎలా ఉండేవాడో నాకు తెలియదు.

"బావగారూ, మీ తమ్ముడు తెప్ప మీద తాడెలా పట్టేవోడు?"

"ఇప్పుడెందుకే అది?"

"సెప్పండి."

"సేత్తో ఎక్కడ పట్టేవోడు. కాలికింద తొక్కిపట్టి, బొటనేలుతో బిగువు సూసేవోడు. నాన్న కర్రుచ్చుకుని కొట్టినా మానలేదు. ఆడికి కాళ్లే కళ్లు. ఏటే? ఏటయింది?"

అప్పుడు చెప్పాను. అటు నుంచి బావగారు ముక్కు చీదిన చప్పుడు వినబడింది.

మర్నాడు మళ్లీ రేవులోకి వెళ్లాను. "నువ్వు వెళ్లి ఆ అధికారులకి ఉన్నది చెప్పు," అన్నాను పడవాయనతో. "తరవాత చేప తే."

"తప్పు ఆయన మీదికి వస్తుంది," అన్నాడు.

"రానీ. ఆయన చేసిందేగా. లేని బూటు మీద రాయించడం ఎందుకు?"

అతను వెళ్తాడనుకోలేదు. రెండు రోజులు కిటికీ దగ్గరే కూర్చుని చూశాను, పడవ కదులుతుందా, కారు కదులుతుందా అని. కారే కదిలింది. మళ్లీ అధికారులొచ్చారు, మళ్లీ అడిగారు. నా దగ్గరికి వచ్చి బూట్లు, మేజోళ్లు చూశారు. అతనికి అక్షింతలు పడ్డాయని పక్కింటామె చెప్పింది. తాగినట్టు, కొట్లాడినట్టు ఎక్కడా ఏమీ లేదన్నారు. పోయినవాడు ఎలాగూ రాలేదు. కానీ ఎలా పోయాడో నాకు తెలిసింది. కాలితో తాడు చూస్తూ పోయాడు, చిన్నప్పుడు తండ్రి కొట్టినా మానని పని చేస్తూ పోయాడు.

ఆ వారం సంచి వచ్చింది. కానాగంతలు. చప్పుడు విని తలుపు తీసేసరికి అతని వీపు కనబడింది. పక్కింటామె చెప్పినట్టే థాంక్యూ అనలేదు. అతను వెనక్కి తిరగలేదు. సంచి తీసుకున్నాను. గుమ్మంలోనే కూర్చుని ఒక్కో చేప మొప్పా ఎత్తి చూశాను. ఎర్రగానే ఉన్నాయి. అప్పుడు లోపలికి తెచ్చాను.

పులుసు పెట్టాను. పక్కింటామెకి గిన్నెలో పోసి ఇస్తే, కారానికి కళ్లు తుడుచుకుంటూ, తననేమైనా చంపేద్దామనుకుంటున్నానా అని అడిగింది. ఆ సాయంత్రం బావగారి ఫోనొచ్చింది.

"సేప దాటిందేటి?"

"దాటింది."

"తగువెవరు తీర్సేరు?"

"నానే."

"మరి తిను," అన్నారు.

ఇప్పటికీ వస్తుంది సంచి. ఇప్పటికీ మొప్ప ఎత్తి చూస్తాను. ఎందుకని ఈ పిల్ల అడుగుతుంది. అలవాటు. పడవాయన మీద అనుమానం పోయిందా అని కూడా అడుగుతుంది. మనిషి మీద పోయింది గుంటా. ఎండ కాసిన రోజుల మీద పోలేదు. గాలి లేకుండా నీళ్లు పళ్లెంలా ఉన్న పొద్దున్న ఇప్పటికీ కిటికీ దగ్గరికి వెళ్లి కొండ మలుపు దాకా చూస్తాను. అక్కడి దాకే కనబడుతుంది.

అయిపోయింది. చప్పుడు ఆపు. ఇందాక రేవు దగ్గర నేను చాలా చెప్పాను, నీ వేళ్లు మధ్యలో ఆగాయి, విన్నాను. కళ్లు తుడుచుకున్నావో, నా మాట మింగేశావో నాకు తెలియాలి. మొదటి నుంచి చదివి వినిపించు. బూట్లేసుకున్నావా అన్న దగ్గర నుంచి. నెమ్మదిగా చదువు, ఆయన మాట ఆయన అన్నట్టే చదువు.